రానివాళ్లను లెక్కపెట్టే ఉద్యోగం

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా కొండపి దగ్గర పల్లె. నాన్నకు నాలుగెకరాల పొగాకు, ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్ ఒకటి ఉన్నాయి. నేను తిరుపతిలో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. బెంగళూరులో ఒక అనలిటిక్స్ కంపెనీ ఉద్యోగం ఇస్తామంది. ఇదే సమయంలో క్యాన్సర్ స్క్రీనింగ్ (ఏ బాధా లేనివాళ్లకు ముందుగానే చేసే పరీక్ష) మీద జరిగే ఒక పరిశోధన ప్రాజెక్టులో స్టాటిస్టీషియన్ పోస్టుకు ఇంటర్వ్యూకు పిలిచారు. అక్కడ జీతం కంపెనీ ఇచ్చేదాంట్లో సగం కూడా ఉండదు, పైగా ఏడాది కాంట్రాక్టు. రెండేళ్ల కిందట మా మేనత్త గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో ఇంట్లోనే చనిపోయింది. అంతకు ముందు ఏడాది మా ఊళ్లో ఆ క్యాన్సర్ పరీక్షల క్యాంపు పెట్టారు. పొగాకు ఆకును రకాలుగా వేరుచేసే గ్రేడింగ్ పనికి వెళ్లి ఆమె రాలేదు. అప్పటి నుంచి నా మనసు అటే లాగుతోంది. నాన్నేమో "నువ్వేమన్నా డాక్టరువా? లెక్కలు చదివి ఊళ్లు పట్టుకుని తిరుగుతావా?" అంటున్నాడు. పొగాకు డబ్బుతో చదువుకుని క్యాన్సర్ పని చేస్తాననడం ఏం న్యాయమని నాకే ఒక్కోసారి అనిపిస్తోంది. చాలా టెన్షన్‌గా ఉంది. ఇంకొక్క మాట, మా అత్త చావు ఎక్కడైనా లెక్కలోకి వచ్చి ఉంటుందా?
– పేరు వద్దన్న పాఠకురాలు

అమ్మా,

నీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట నువ్వు మధ్యలో రాసేసి ముందుకెళ్లిపోయావు. "గ్రేడింగ్ పనికి వెళ్లి ఆమె రాలేదు" అన్నావు చూడు, నేను అక్కడే ఆగిపోయాను. ముప్పై ఏళ్లకు పైగా ఆరోగ్య పరిశోధనల్లో స్టాటిస్టీషియన్‌గా పనిచేశాను. మాది కావలి పక్క పల్లె. గ్రేడింగ్ అంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. తెల్లారేసరికి క్యారియర్ సర్దుకుని ఆటో ఎక్కిన మనిషి పొద్దుగూకితే గాని ఇల్లు చేరదు. పది గంటలకు బడిలో క్యాంపు పెడితే ఆమె ఎలా వస్తుంది? ఒంట్లో ఏ బాధా లేనప్పుడు, ఒక రోజు కూలి పోగొట్టుకుని, నలుగురికీ చెప్పుకోలేని చోట పరీక్ష చేయించుకోవడానికి ఎందుకు వస్తుంది?

ఆ రోజు మీ ఊళ్లో ఏం జరిగి ఉంటుందో ఊహించి చెప్తాను, అంకెలు నేను అనుకున్నవే. 30 నుంచి 60 ఏళ్ల లోపు ఆడవాళ్లు 300 మంది ఉన్నారనుకో. 90 మంది వచ్చారు. ఇద్దరి విషయంలో అనుమానంగా ఉందని పెద్దాసుపత్రికి రాశారు. మర్నాడు జిల్లా పేజీలో "90 మందికి క్యాన్సర్ పరీక్షలు" అని వార్త వచ్చింది. అందులో అబద్ధమేమీ లేదు. కానీ మిగిలిన 210 మంది ఏ కాగితం మీదా లేరు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది బడికి దగ్గర ఇళ్లవాళ్లు, కూలికి పోనక్కర్లేనివాళ్లు, కాస్త చదువుకున్నవాళ్లు, ఆశా కార్యకర్తతో చనువున్నవాళ్లు. రానివాళ్లలో కూలికి వెళ్లేవాళ్లు, ఊరి చివర కాలనీవాళ్లు, ఇంట్లో అడగడానికి జంకేవాళ్లు. చిన్న వయసులో పెళ్లయి, ఎక్కువ కాన్పులై, ఆసుపత్రి గడప తొక్కనివాళ్లు కూడా ఈ గుంపులోనే ఎక్కువ. ఈ క్యాన్సర్ ఎక్కువగా పట్టేది కూడా వాళ్లనే.

పదేళ్ల తర్వాత ఎవరైనా లెక్కతీసి, క్యాంపుకు వచ్చినవాళ్లలో చావులు తక్కువ, రానివాళ్లలో ఎక్కువ, కాబట్టి క్యాంపు ప్రాణాలు కాపాడింది అంటే మనం ఒప్పుకోకూడదు. క్యాంపు లేకపోయినా వచ్చినవాళ్ల పరిస్థితి మెరుగ్గానే ఉండేది. డాక్టరు దృష్టి ఎదురుగా కూర్చున్న 90 మంది మీద ఉంటుంది, అది ఆయన ధర్మం. మన పని మాత్రం 300 దగ్గర మొదలవుతుంది. ఆ 300 అనే అంకె ఎక్కడి నుంచి తెస్తావు? ఆశా కార్యకర్త రిజిస్టరులో ఒకటుంటుంది, ఓటర్ల జాబితాలో ఇంకొకటి. బేల్దారి పనికి హైదరాబాద్ వెళ్లిన కుటుంబాలు రెండింటిలోనూ ఉంటాయి గానీ ఊళ్లో ఉండవు. కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్లు ఒకదాంట్లోనూ ఉండరు. ఇంటింటికీ తిరిగి ఆ అంకెను సరిచేయడానికి నెలలు పడుతుంది. అలా సరిచేసినవాళ్ల పేరు ఎవరికీ తెలియదు గానీ, దాని మీదే మిగతా పరిశోధన అంతా నిలబడుతుంది.

రానివాళ్లు ఎంతమందో నీకు తెలియాలి. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 1.9 శాతం. రొమ్ము పరీక్ష 0.9 శాతం. మరోపక్క 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఏటా సుమారు 1,27,000 మందికి కొత్తగా ఈ ముఖద్వార క్యాన్సర్ వస్తోంది, దాదాపు 80,000 మంది చనిపోతున్నారు. మీ అత్త తప్పు చేసిందని ఒక్క క్షణం కూడా అనుకోకు. ఆ వయసు ఆడవాళ్లు నూరు మందిలో తొంభై ఎనిమిది మంది ఆవిడలాగే ఉన్నారు.

ఇక నాన్నగారి ప్రశ్న. "నువ్వేమన్నా డాక్టరువా?" అంటే, కాదు. ఆయనకు ఒక మనిషి గురించి చెప్పు. ఇంగ్లండులో బ్రాడ్‌ఫోర్డ్ హిల్ అని ఒకాయన ఉండేవాడు. డాక్టరు కావాలనుకున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో విమాన దళంలో ఉండగా క్షయ పట్టుకుంది, వైద్య విద్య ఆగిపోయింది. మంచాన పడి ఉంటూనే ఇంటి నుంచి చదువుకుని ఎకనామిక్స్‌లో డిగ్రీ తీసుకున్నాడు, తర్వాత వైద్య గణాంకాల్లోకి వచ్చాడు. రిచర్డ్ డాల్ అనే డాక్టరుతో కలిసి లండన్ ఆసుపత్రుల్లో ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులనూ, వేరే జబ్బులతో చేరినవాళ్లనూ పక్కపక్కన పెట్టి ప్రశ్నలు అడిగించాడు. రోడ్ల తారు, కార్ల పొగ కారణమేమోనని మొదట్లో అనుకున్నారు. లెక్కలు సిగరెట్టును చూపించాయి. 1950లో ఆ ఫలితం అచ్చయింది. పని మధ్యలోనే డాల్ తన సిగరెట్ మానేశాడు. తర్వాత 1951 నుంచి బ్రిటన్ డాక్టర్లనే యాభై ఏళ్లు వెంటాడి చూస్తే, పొగ తాగేవాళ్లు సగటున పదేళ్లు ముందే చనిపోతున్నారని తేలింది. స్టెతస్కోపు పట్టని హిల్ లేకపోతే ఆ పని అలా జరిగేది కాదు.

డాక్టరుకు కనిపించనిది లెక్కలు తెలిసిన మనిషికి ఎలా కనిపిస్తుందో నా అనుభవం చెప్తాను. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. క్యాంపుల్లో జబ్బు బయటపడ్డవాళ్లు, బాధలతో ఆసుపత్రికి వచ్చినవాళ్లు – ఈ రెండు గుంపులనూ పోల్చి, మొదటి గుంపులో ఐదేళ్లు బతికినవాళ్లు చాలా ఎక్కువ, కాబట్టి స్క్రీనింగ్ పనిచేస్తోంది అని ఎంతో సంతోషంగా నివేదిక రాశాను. మా సీనియర్ ఆ వాక్యం కింద ఎర్రగీత గీసి, "వీళ్లు ఎక్కువ రోజులు బతికారా, లేక ఎక్కువ రోజులు రోగి అనిపించుకున్నారా?" అని అడిగారు. నాకు జవాబు రాలేదు. ఆ రాత్రంతా నిద్ర పట్టలేదు.

ఒకే ఈడు తోడికోడళ్లను ఇద్దర్ని ఊహించుకో. ఇద్దరికీ జబ్బు ఒకేసారి మొదలైంది, ఇద్దరూ 60వ ఏట చనిపోయారు. పెద్దకోడలికి 58వ ఏట రక్తస్రావం కనబడి, ఆసుపత్రికి వెళ్తే తెలిసింది. రెండేళ్లు బతికింది. చిన్నకోడలికి 54వ ఏటే క్యాంపులో తెలిసింది. ఆరేళ్లు బతికింది. "ఐదేళ్లు బతికినవాళ్ల శాతం" అనే లెక్కలో చిన్నకోడలు గెలిచినట్టు, పెద్దకోడలు ఓడినట్టు ఉంటుంది. నిజానికి చిన్నకోడలు ఒక్క రోజు కూడా ఎక్కువ బతకలేదు. నాలుగేళ్లు ముందుగా భయపడింది, అంతే. అందుకే స్క్రీనింగ్ పరిశోధనలో రోగులు ఎన్నేళ్లు బతికారన్నది చూసి సంబరపడకూడదు. స్క్రీనింగ్ జరిగిన ఊళ్లన్నిటిలో, వచ్చినవాళ్లూ రానివాళ్లూ అందరినీ కలుపుకుని, ఆ క్యాన్సర్‌తో చనిపోయినవాళ్లు ఎందరో చూడాలి. స్క్రీనింగ్ జరగని ఊళ్లతో దాన్ని పోల్చాలి. ఏ ఊరు ఏ గుంపులోకి వెళ్లాలో లాటరీ పద్ధతిలో ముందే తేల్చాలి.

ఈ జాగ్రత్త లేకపోతే ఎంత నష్టమో దక్షిణ కొరియా చూసింది. అక్కడ హెల్త్ చెకప్పుల్లో థైరాయిడ్‌కు అల్ట్రాసౌండ్ చేయడం మామూలైపోయింది. 1993తో పోలిస్తే 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ కేసులు పదిహేను రెట్లయ్యాయి. మరణాలు మాత్రం తగ్గలేదు, పెరగలేదు, అలాగే ఉన్నాయి. అంటే బయటపడ్డవాటిలో ఎక్కువ భాగం ఎప్పటికీ ప్రాణం మీదికి రాని గడ్డలే. వాటి కోసం వేలమంది గొంతు కోయించుకుని, జీవితాంతం మాత్రలు మింగుతున్నారు. ఒంగోలులోనూ నెల్లూరులోనూ "ఫుల్ బాడీ చెకప్" ప్యాకేజీల బోర్డులు చూసినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. బాధతో వచ్చిన రోగికి మందిచ్చేటప్పుడు ఉండే న్యాయం వేరు. ఏ బాధా లేని మనిషిని ఇంటి నుంచి మనం పిలిచి పరీక్ష చేస్తున్నాం. వాళ్లకు మేలు జరుగుతుందని మన దగ్గర గట్టి రుజువు ఉండాలి.

మన దేశంలో అలాంటి రుజువు కోసం జరిగిన పనులు ప్రపంచంలో ఎక్కడికీ తీసిపోవు. నువ్వు వెళ్లాలనుకుంటున్న దారి వీళ్లు వేసిందే, కాబట్టి వివరంగా చెప్తాను.

తమిళనాడు దిండుక్కల్ జిల్లాలో ముఖద్వారానికి పల్చటి ఎసిటిక్ ఆమ్లం రాసి, తెల్లబడిన మచ్చ ఉందేమో కంటితో చూసే వీఐఏ పరీక్ష చేశారు. ఆ క్యాన్సర్ మరణాలు 35 శాతం తగ్గినట్టు 2007లో ప్రకటించారు. ముంబై మురికివాడల్లో 1998లో మొదలుపెట్టి, సుమారు లక్షన్నర మంది ఆడవాళ్లతో టాటా మెమోరియల్ ఆసుపత్రి వాళ్లు చేసిన అధ్యయనంలో అదే పరీక్షను డాక్టర్లు కాకుండా శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేశారు. అక్కడ 31 శాతం తగ్గాయి. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ (ఇప్పుడు ధారాశివ్) జిల్లాలో పల్లెలను 52 సమూహాలుగా (క్లస్టర్లుగా) తీసుకుని, 1,31,746 మంది ఆడవాళ్లను నాలుగు గుంపులు చేశారు. ఒక గుంపుకు హెచ్‌పీవీ పరీక్ష (ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్ ఉందేమో చూసేది), ఒకదానికి పాప్ స్మియర్ (ముఖద్వారం నుంచి తీసిన కణాలను మైక్రోస్కోపులో చూసేది), ఒకదానికి వీఐఏ, నాలుగోదానికి మామూలుగా దొరికే వైద్యం. ఎనిమిదేళ్లకు చూస్తే ఒకే ఒక్కసారి చేసిన హెచ్‌పీవీ పరీక్ష మరణాలను దాదాపు సగానికి తగ్గించింది. అదే వీఐఏ అక్కడ చెప్పుకోదగ్గ తేడా చూపించలేదు.

ఒకే పరీక్ష, రెండు చోట్ల ఫలితం ఉంది, మూడో చోట లేదు. ఎందుకు? చూసే కంటికి ఇచ్చిన శిక్షణలో తేడానా, పరీక్ష ఎన్నిసార్లు చేశారన్నదా, మచ్చ కనబడ్డాక వైద్యం ఎంతమందికి అందిందన్నదా, లేక ఊళ్ల మధ్య ముందు నుంచే ఉన్న తేడానా? ఇలాంటి ప్రశ్న ఎదురైతే నీకు ఉత్సాహం వస్తుందా, విసుగొస్తుందా? నిన్ను నువ్వు ఇదొక్కటే నిజాయితీగా అడుగు. ఉత్సాహం వస్తే ఈ పని నీది.

మరో సంగతి గమనించు. ఉస్మానాబాద్‌లో హెచ్‌పీవీ గుంపులో ఈ క్యాన్సర్ మరణాలు 34, పోల్చడానికి పెట్టిన గుంపులో 64. ఒక్కో గుంపులో 30 వేలకు పైగా ఆడవాళ్లు, ఎనిమిదేళ్ల శ్రమ, చివరికి తేల్చింది ఈ రెండు అంకెలు. నాలుగు చావులు అటుదిటు రాస్తే ఫలితం బలం మారిపోతుంది. ఇది తెలిశాక నాకు పేర్ల మీద భయం, భక్తి రెండూ వచ్చాయి. మన నెల్లూరు వైపు పెంచలకోన స్వామి పేరు పెట్టుకోని ఇల్లు అరుదు కదా. ఒకే ఊళ్లో, ఒకే ఇంటిపేరుతో ముగ్గురు పెంచలమ్మలు ఉండేవారు. పంచాయతీ మరణాల రిజిస్టరును మా జాబితాతో కలిపేటప్పుడు ఒక పెంచలమ్మను చనిపోయినట్టు రాసేశాం. నిర్ధారణ కోసం మా ఫీల్డు అమ్మాయి ఆ ఇంటికి వెళ్తే ఆవిడే తలుపు తీసింది. చనిపోయింది పక్క వీధి పెంచలమ్మ. ఆ తర్వాత నేను మొగుడి పేరు, పుట్టింటి ఊరు, పెద్దబిడ్డ పేరు కూడా ఫారంలో చేర్పించాను. ఫారం పొడుగైందని ఫీల్డు సిబ్బంది విసుక్కున్నారు, నేను మాత్రం మార్చలేదు. ఎమ్మెస్సీలో నేర్పే సూత్రాలన్నీ ఈ పేర్లు సరిగ్గా ఉన్నప్పుడే పనికొస్తాయి. నీ రోజుల్లో ముప్పాతిక భాగం ఇలాంటి శుభ్రం చేసే పనికే పోతుంది. ఇది ముందే తెలుసుకుని వెళ్లు.

ఇక ఓపిక. ముంబైలోనే రొమ్ము పరీక్ష మీద చేసిన అధ్యయనం 1998లో మొదలైతే పూర్తి ఫలితం 2021లో వచ్చింది. ఆరోగ్య కార్యకర్తలు చేత్తో చేసిన పరీక్ష వల్ల 50 ఏళ్లు దాటినవాళ్లలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. మొత్తం మీద చూస్తే 15 శాతం తగ్గినట్టు కనిపించినా, అది యాదృచ్ఛికం కాదని చెప్పేంత బలం ఆ అంకెకు లేదు. వాళ్లు ఆ మాట అలాగే రాశారు. బ్రిటన్‌లో అండాశయ క్యాన్సర్ కోసం 2 లక్షల మందికి పైగా ఆడవాళ్లను 2001 నుంచి చేర్చుకుని పరీక్షించారు. జబ్బు ముందు దశలో ఎక్కువగా దొరికింది, అందరిలో ఆశ పుట్టింది. 2021లో చివరి లెక్క తీస్తే మరణాలు తగ్గలేదు. ఇరవై ఏళ్లు ఒక పరీక్ష మీద ఆశ పెట్టుకుని, ఆఖరికి "ఇది పనికిరాలేదు, అందరికీ చేయొద్దు" అని చెప్పాల్సి రావడం ఎంత కష్టమో ఆలోచించు. ఆ మాట చెప్పిన స్టాటిస్టీషియన్ల మీద నాకు ఎనలేని గౌరవం. ఎందరో ఆడవాళ్లు అనవసరమైన ఆపరేషన్ల నుంచి తప్పించుకున్నారు.

పోల్చడానికి పెట్టిన గుంపుల గురించి నువ్వు అడగలేదు గానీ నేను చెప్పాలి. మన దేశంలో జరిగిన ఈ అధ్యయనాల్లో కొందరు ఆడవాళ్లకు పరీక్ష చేయకుండా ఏళ్ల తరబడి వదిలేశారని దేశంలోనూ బయటా గట్టి విమర్శ వచ్చింది. ఆ విమర్శను నేను తోసిపుచ్చను. ఆ పల్లెల్లో ఎలాగూ పరీక్ష అందడం లేదు, అందుకే అది మామూలు పరిస్థితి అన్నది పరిశోధకుల వాదన. ఆ పరిస్థితి అన్యాయమైనప్పుడు దాన్ని కొలబద్దగా ఎలా వాడతారన్నది విమర్శకుల మాట. ఇవాళ పని మొదలుపెట్టే నువ్వు, పరీక్ష అందరికీ ఇస్తూనే ఏ పద్ధతిలో ఇస్తే ఎక్కువమందికి చేరుతుందో పోల్చే పరిశోధనలు చూసుకో. ఉదాహరణకు, ఆడవాళ్లు తమ నమూనా తామే తీసుకుని ఇచ్చే హెచ్‌పీవీ పరీక్ష ఉంది. గ్రేడింగ్‌కు పోయే మనిషి సాయంత్రం ఇంటికొచ్చాక తలుపేసుకుని తనే చేసుకోవచ్చు. క్యాంపు పెట్టిన ఊళ్లలో ఎంతమంది చేయించుకున్నారు, ఇంటికే కిట్ ఇచ్చిన ఊళ్లలో ఎంతమంది చేయించుకున్నారు, ఇలాంటి పోలికలో ఎవరినీ వదిలేయాల్సిన పని లేదు.

పొగాకు సంగతి. అమ్మా, మీ నాన్న పొగాకు పండించడం ఆ నేలలో, ఆ వర్షాధారంలో, వేలం కేంద్రం ఉన్న ఊళ్లో ఒక రైతుకు దొరికిన దారి. దాంతో చదువుకున్నానని నువ్వు సిగ్గుపడాల్సిన పని లేదు. అలాగని పొగాకు హానిని తగ్గించి కూడా మాట్లాడొద్దు. నోటి క్యాన్సర్‌కూ పొగాకుకూ ఉన్న సంబంధం మన నేల మీదే రుజువైంది. శ్రీకాకుళం వైపు చుట్టను నిప్పు నోట్లోకి పెట్టి అడ్డపొగ తాగే ఆడవాళ్ల అంగిలి మీద వచ్చే మచ్చల గురించి ప్రపంచమంతా చదువుకుంది. 1986లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయిన అధ్యయనంలో 36 వేలకు పైగా పొగాకు వాడేవాళ్లను మానమని చెప్తూ ఏటా వెళ్లి నోరు చూశారు. ఎర్నాకుళం, భావనగర్‌తో పాటు శ్రీకాకుళం కూడా అందులో ఉంది. నీ పుట్టుక నీకు అడ్డం కాదు, అది నీ చేతిలో ఉన్న సమాచారం. ఏ నెలలో ఆకు కొడతారో, ఎప్పుడు బ్యారన్ మండుతుందో, ఏ వారం గ్రేడింగ్ అయిపోయి ఆడవాళ్లు ఇళ్ల పట్టున ఉంటారో నీకు తెలుసు. ఢిల్లీలో కూర్చుని ప్రోటోకాల్ రాసేవాళ్లకు అది తెలియదు.

డబ్బు సంగతి సూటిగా చెప్తాను. బ్యారన్ మీద, పంట మీద బ్యాంకులో ఎంత అప్పుందో, బయట వడ్డీకి ఎంత తెచ్చారో ముందు నాన్నగారి దగ్గర కూర్చుని అడిగి తెలుసుకో. ఆ అప్పు నీ జీతంతోనే తీరాలంటే కంపెనీలో చేరు, రెండేళ్లు చెయ్. అందులో తప్పేమీ లేదు, ఈ పని ఎక్కడికీ పోదు. అలాంటి ఒత్తిడి లేకపోతే ప్రాజెక్టుకు వెళ్లమనే నా సలహా. కానీ ప్రాజెక్టు ఉద్యోగాన్నే జీవితం అనుకోవద్దు. ఏడాదికోసారి కాంట్రాక్టు పొడిగిస్తారో లేదో అని ఎదురుచూస్తూ నలభై ఏళ్లు వచ్చినవాళ్లను చూశాను, చాలా బాధేస్తుంది. రెండు మూడేళ్ల లోపు పీహెచ్‌డీ వైపు అడుగెయ్యి. సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో మ్యాథమెటికల్ సైన్సెస్ పేపరు స్టాటిస్టిక్స్ వాళ్లు రాసేదే, జేఆర్ఎఫ్ (పరిశోధన విద్యార్థులకు ఇచ్చే ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకు 37,000 ఇస్తున్నారు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సంస్థల్లో సైంటిస్ట్-బి పోస్టు మూల వేతనం 56,100. చెన్నైలో జాతీయ ఎపిడెమియాలజీ (జబ్బులు ఎవరికి, ఎక్కడ, ఎందుకు వస్తున్నాయో లెక్కతీసే శాస్త్రం) సంస్థ, బెంగళూరులో క్యాన్సర్ రోగుల వివరాలు నమోదు చేసే జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ కార్యక్రమాన్ని నడిపే సంస్థ, హైదరాబాద్‌లో పోషకాహార సంస్థ, ఇవన్నీ ఐసీఎంఆర్‌వే. మెడికల్ కాలేజీల్లో కమ్యూనిటీ మెడిసిన్ విభాగంలో స్టాటిస్టీషియన్ పోస్టు ఉంటుంది, నెల్లూరులోనూ ఒంగోలులోనూ మెడికల్ కాలేజీలున్నాయి. పైగా ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీసు పరీక్ష 30 ఏళ్ల వరకు రాయొచ్చు. నాన్నగారికి ఇవన్నీ ఒక కాగితం మీద రాసి చూపించు. ఆయన భయం నీ చదువు మీద కాదు, నీ భద్రత మీద.

ఇంటర్వ్యూకు ముందు ఒక్క పని చెయ్. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ముడి డేటా విద్యార్థులకు ఉచితంగా ఇస్తారు, పేరు నమోదు చేసుకుని ఏం చేస్తావో రాస్తే చాలు. 'ఆర్' సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే. మన రాష్ట్రం తీసుకుని, ఎవరు పరీక్ష చేయించుకున్నారు, ఎవరు చేయించుకోలేదు అన్నది చదువు, ఆస్తి, ఊరు ప్రకారం విడదీసి చూడు. శాంపిల్ వెయిట్లు (ఒక్కో మనిషి జవాబు ఎంతమందికి ప్రతినిధో చెప్పే అంకెలు) వదిలేయకు, క్లస్టర్లను లెక్కలోకి తీసుకో. ఒకే ఊరివాళ్లు ఒకరితో ఒకరు పోలి ఉంటారు, నూరు మందిని అడిగినా నూరు వేర్వేరు జవాబులు వచ్చినట్టు కాదు. దీన్ని సొంతంగా చేసి రెండు పేజీలు రాసుకుని వెళ్తే, పరీక్షల్లో వచ్చిన మార్కులకంటే అదే ఎక్కువ మాట్లాడుతుంది. వాళ్లు నిన్ను అడిగినట్టే నువ్వూ వాళ్లను అడుగు: అనుమానం వచ్చినవాళ్లకు వైద్యం ఎక్కడ, ఎవరి ఖర్చుతో? ఫలితం వ్యతిరేకంగా వచ్చినా ప్రచురిస్తారా? రానివాళ్ల పేర్లు రాస్తున్నారా? మొదటిదానికి సరైన జవాబు రాకపోతే ఆ ప్రాజెక్టులో చేరకు.

చివరగా మీ అత్త గురించి. ఇంట్లో చనిపోయింది కాబట్టి పంచాయతీలో మరణం నమోదై ఉంటే తేదీ, వయసు, పేరు ఉంటాయి. కారణాన్ని డాక్టరు ధ్రువీకరించడం అనేది ఎక్కువగా ఆసుపత్రిలో పోయినవాళ్లకే జరుగుతుంది. దేశంలో నమోదయ్యే మరణాల్లో డాక్టరు కారణం రాసినవి నాలుగో వంతు కూడా లేవు. అంటే ఆవిడ చావు లెక్కలోకి వచ్చి ఉంటుంది, ఆవిడ జబ్బు మాత్రం వచ్చి ఉండకపోవచ్చు. కొన్ని ఊళ్లను ఎంచుకుని, చనిపోయినవాళ్ల ఇంటికి వెళ్లి, చివరి రోజుల్లో ఏం జరిగిందో అయినవాళ్లను అడిగి కారణం తేల్చే పద్ధతి ఒకటి ఉంది. దాన్ని వెర్బల్ అటాప్సీ అంటారు. నేను అలా వెళ్లిన ఇళ్లలో చాలాచోట్ల కాగితాలు ఉండేవి కావు, "ఆమే పోయినాక ఇంకెందుకని పారేసినామమ్మా" అనేవారు. మీ మామయ్యకు ఫోన్ చెయ్. ఆసుపత్రి ఫైలు, ముఖ్యంగా బయాప్సీ రిపోర్టు, ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో ఉంచమను. ఎవరైనా రిజిస్టరు పట్టుకుని వచ్చి అడిగితే చూపించమను.